పంటి డాక్టరు అద్దెకున్న వేసవి

మా ఊరి వెనక గుట్ట మామూలు గుట్టే.
నాన్న దాని మీద గొర్రెల్ని కాశాడు.
నేనూ తమ్ముడూ అడవి స్ట్రాబెర్రీలు ఏరి
గడ్డిపోచకు దండ గుచ్చి, కిందికి దిగేలోపే తినేసేవాళ్ళం.

ఇప్పుడది గుట్ట కాదట.
మూడు మొహాలూ కొలిచి చెక్కినట్టున్నాయట,
ఒకటి సూటిగా ఉత్తరానికి చూస్తోందట,
ముప్పై వేల ఏళ్ళ కిందట కట్టారట.
ఎవరు? మనుషులు కారు.
మనిషిని మలిచినవాళ్ళట.
యుద్ధం తర్వాత ఫ్యాక్టరీ తెరుచుకోని ఈ బోస్నియా ఊళ్ళో
ఈ "అట"ల మీదే రెండు కాఫీ అంగళ్ళు, ఒక టీషర్టుల కొట్టు,
నా ఇంట్లో ఒక అద్దెగది నడుస్తున్నాయి.
నేనెందుకు కాదంటాను?

ఆ వేసవి షెఫ్కో గదిలో దిగినవాడు
హాలండ్ నుంచి వచ్చిన పంటి డాక్టరు, వౌటర్.
నలభై ఏళ్ళు పరాయి నోళ్ళలోకి తొంగి చూసి
రిటైరయ్యాక కొండ నోరు తెరిపించడానికి వచ్చాడు.
పొద్దున్నే తలకు దీపం కట్టుకుని సొరంగంలోకి,
సాయంత్రం మోకాళ్ళ దాకా బురదతో
చిక్కుడుగింజల కూర రెండో గిన్నెకి.

"జుమ్రా, జ్ఞానదంతం సంగతి ఆలోచించావా?" అన్నాడొక రాత్రి.
"దవడలో చోటుండదు, అయినా మొలుస్తుంది.
ఈ దవడ ఈ పంటికి చేసింది కాదు.
రెండు జాతుల్ని ఎవరో అతికారు.
ఆ అతుకు నేను రోజూ చూశాను."
పక్కింటి లామియా నాకు మా మాటల్లో చెబుతూ
నవ్వు ఆపుకోడానికి రొట్టె నమిలేది.
ఆగస్టు చివర, అర్ధరాత్రి దాటాక
కిటికీ తెరిచి చుక్కల గుంపు చూపించాడు.
అక్కడి నుంచే వచ్చామట మనం.
మేం దాన్ని పిల్లలకోడి అంటాం, అన్నాను.
ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాడు,
సాక్ష్యం దొరికినట్టు.

నాకు ముప్పై వేల ఏళ్ళు లెక్కకు రావు.
ముప్పై ఏళ్ళు వస్తాయి.
తొంభై మూడు అక్టోబరులో షెఫ్కో
పిండి బస్తా కోసం గుట్ట దాటాడు.
నీలం స్వెటరు, మోచేతి దగ్గర నేను వేసిన మాసిక.
తర్వాతెప్పుడో నా వేలికొన పొడిచి
నాలుగు చుక్కలు అట్టముక్క మీద ఆరబెట్టి పట్టుకెళ్ళారు.
ఎముక దొరికితే ఆ నెత్తురుతో పోలుస్తారు.
మా ఇంటి పుట్టుపూర్వోత్తరాలన్నీ
ఎక్కడో ఒక సొరుగులో, ఒక అట్టముక్క.

సెప్టెంబరు ఆరున వౌటర్ మధ్యాహ్నమే వచ్చేశాడు.
అరచేతిలో రుమాలు, రుమాల్లో పన్ను.
సొరంగం కొత్త పాయలో, మోచేయంత లోతున.
కూడా ఉన్నవాళ్ళు కేకలేశారట,
ఒకామె మోకాళ్ళ మీద పడి ఏడ్చిందట,
మొదటివాడు, మొట్టమొదటివాడు, అని.
ఆయన ఒక్కడే దాన్ని వెలుతురుకి తిప్పాడు.
నమిలే వైపు ఒక వెండి మచ్చ.
"పాదరసం కలిపిన పూత," అన్నాడు.
"మంచి పని కాదు. తొందరలో చేశారు.
డెబ్బైల్లోనో, ఎనభైల్లోనో."
లామియా ఈసారి ఏమీ నమల్లేదు.

షెఫ్కో పంటి డాక్టరు పేరెత్తితే గోడ దూకేవాడు.
వాడి నోట్లో ఒక్క పంటికీ పూత లేదు.
వాడు కాదు.
ఊపిరి వదిలాను.
వదిలినందుకు సిగ్గేసి
కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

తెల్ల దుస్తులవాళ్ళు జల్లెళ్ళతో వచ్చారు.
సొరంగానికి పదకొండు వారాలు తాళం.
కాఫీ అంగడివాళ్ళు నాతో మాట మానేశారు.
తవ్వకం ఆపించడానికే ఎవరో పన్ను పాతిపెట్టారట.
ఇంకో అట.
లోపలున్నది ముగ్గురని తేలింది.
పేర్లు ఇంకా రాలేదు.

వెళ్ళేరోజు వౌటర్ దవడల ఊసెత్తలేదు.
నమ్మకం పోయిందో లేదో నేను చెప్పలేను,
వచ్చే వేసవికీ గది ఉంచమని బయానా అయితే ఇచ్చాడు.
తలదీపం మేకుకే మరిచిపోయాడు.
చలికాలం కోళ్ళగూడు మూయడానికి అదే కట్టుకుంటాను.
ఒక్కోసారి గడియ వేశాక కూడా ఆర్పకుండా
గుట్ట వైపు తిరుగుతాను.
వెలుతురు కంచె దాటి
కొంచెం దూరం పోతుంది.